డీహైడ్రేటర్ మీద 42 డిగ్రీలు అంటే గాలి వేడి, ముక్క వేడి కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాకినాడలో, శ్రావణమాసం ముసురులో, కొత్త డీహైడ్రేటర్‌లో, అంటే వేడి గాలితో తినే పదార్థాల్ని ఆరబెట్టే యంత్రంలో, అవిసె గింజలు, క్యారెట్ పిప్పి, మొలకెత్తిన పెసలు కలిపి రుబ్బిన పిండిని పరిచారు. వండని ఆహారపు పచ్చిదనం పోకూడదని 42 డిగ్రీల దగ్గర పెట్టారు. 14 గంటల తర్వాత కూడా నడుమ మెత్తగానే ఉంది, పులిసిన వాసన వస్తోంది. అది తినొచ్చా, ఎన్ని డిగ్రీలు పెడితే పచ్చిగానూ ఉంటుంది, ప్రమాదమూ ఉండదు, నానబెట్టిన బాదం, మామిడి ముక్కలకూ అదే లెక్కా అని ప్రశ్న.

ముందు ఆ ట్రే సంగతి. అది పారేయండి. ఇంకో ఆరు గంటలు ఆరబెట్టినా, పెనం మీద కాల్చినా, నూనెలో వేయించినా అది మంచిదైపోదు. పిండి తడిగా, గోరువెచ్చగా ఉన్న గంటల్లో స్టెఫిలోకాకస్, బాసిల్లస్ సీరియస్ లాంటి బ్యాక్టీరియా పెరిగితే అవి విషం వదులుతాయి. ఆ విషాల్లో కొన్ని మరిగించినా చెడవు. సూక్ష్మజీవి చచ్చినా అది వదిలింది అలాగే ఉంటుంది. మనం ఇడ్లీ పిండి పులియబెడతాం కదా అనకండి. ఇడ్లీ పిండిలో ఉప్పు, మినప్పప్పు, పులుపు పెంచే బ్యాక్టీరియా కలిసి ఏళ్ల తరబడి తెలిసిన దారిలో పని చేస్తాయి, ఆపైన ఆవిరి మీద పూర్తిగా ఉడుకుతుంది. మీ ట్రేలో ఏది పెరిగిందో చెప్పే గుర్తు ఏదీ లేదు.

ఇప్పుడు అసలు కారణం. మీరు తిప్పిన నంబరు గాలి వేడి. తడి ఉన్న వస్తువు ఆ వేడికి చేరదు. నీరు ఆవిరైపోతూ వేడిని లాక్కుంటుంది కాబట్టి వస్తువు చల్లగానే ఉంటుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ, తడిగుడ్డ చుట్టిన సీసా చల్లబడేదీ ఇందుకే. ఎంత చల్లగా ఉంటుందన్నది గాలిలో తేమను బట్టి లెక్కగట్టొచ్చు. కోస్తాలో వర్షాకాలపు గాలిని లోపలికి లాగి 42 డిగ్రీలకు వేడి చేస్తే, అందులో పెట్టిన తడి వస్తువు సుమారు 28 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. 46 పెడితే 29. 63 పెట్టినా తడి ఉన్నంతసేపు 33 దగ్గరే. ఇవి పలచగా, అన్ని వైపులా గాలి తగిలే వస్తువుకి వచ్చే లెక్కలు. షీటు మీద పరిచిన పిండికి కింద నుంచి గాలి ఆడదు, పై ట్రేల తేమ కిందికి తిరుగుతుంది, అందుకని నిజంగా కొలిస్తే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే కనిపిస్తుంది. మొత్తం మీద తొలి గంటల్లో మీ పిండి 30–32 డిగ్రీల దగ్గర కూర్చుంది. మనిషికి హాని చేసే బ్యాక్టీరియా చాలావాటికి అది హాయిగా పెరిగే చోటు.

ఆ హాయిని అంకెల్లో చూడండి. అనుకూలమైన వేడిలో, చాలినంత తడిలో అరగంటకోసారి రెట్టింపవుతుందనుకుందాం. నాలుగు గంటల్లో ఎనిమిది రెట్టింపులు, అంటే ఒకటి 256 అవుతుంది. పన్నెండు గంటల్లో 24 రెట్టింపులు, ఒకటి కోటీ 67 లక్షలు దాటుతుంది. తొలి నాలుగు గంటల్లో తడి తీసేయగలిగారా, పన్నెండు గంటలు పట్టిందా అన్న దాన్ని బట్టి అంత తేడా వస్తుంది. ఆరబెట్టడంలో భద్రత అంటే ప్రధానంగా ఈ వేగమే.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది? గాలి వేడికీ తడి వస్తువు వేడికీ మధ్య ఉన్న తేడా నుంచి. 42 దగ్గర ఆ తేడా 14 డిగ్రీలే. 63 దగ్గర 30. అంటే పైపైన ఉన్న నీరు రెండింతలకు పైగా వేగంగా పోతుంది, వస్తువు మాత్రం నాలుగైదు డిగ్రీలే ఎక్కువ వేడెక్కుతుంది. పచ్చిదనం కోసం మీరు 42 పెట్టి కాపాడుకున్నది ఆ నాలుగైదు డిగ్రీలు మాత్రమే. దానికి బదులుగా పది గంటల తడి ఇచ్చారు.

కాబట్టి మీరు చేయాల్సింది మొదట ఎక్కువ, తర్వాత తక్కువ. తడి పదార్థం ఏదైనా తొలి గంట నుంచి గంటన్నర వరకు 60–63 దగ్గర పెట్టండి. పైభాగం ముట్టుకుంటే వేలికి అంటకుండా అయ్యాక, లేదా లోపల పెట్టిన థర్మామీటర్ 40 చూపించగానే, 46కి దించండి. తడి తగ్గేకొద్దీ చల్లదనం తగ్గి వస్తువు వేడి గాలి వేడి వైపు ఎక్కుతుంది. మీరు అప్పటికే దించి ఉంటారు కాబట్టి ఆఖరికి కూడా పదార్థం 46 దాటదు. దించడం మరిచిపోతే మాత్రం ఆఖర్లో 60కి పోతుంది. పచ్చిదనం పట్టింపు ఉన్నవాళ్లు అలారం పెట్టుకోవాలి.

వేలితో చూడడం కంటే థర్మామీటర్ నయం. మాంసానికి వాడే సూది థర్మామీటర్ మూడు మిల్లీమీటర్ల పిండిలో పనికిరాదు, సూది సగం గాలినే కొలుస్తుంది. వేడిని కూడా కొలిచే మల్టీమీటర్‌తో (కరెంటు కొలిచే పరికరం) వచ్చే కే-టైప్ తీగ, చివర చిన్న పూస ఉన్నది, పిండిలో అదిమితే చాలు. అదే తీగని ముందు ఖాళీ ట్రే మీద వేలాడదీసి గంటసేపు గాలిని కూడా చూడండి. 46కి తిప్పితే కొన్ని యంత్రాల్లో గాలి 40కీ 54కీ మధ్య ఊగుతుంది. సగటు 46 ఉండొచ్చు గానీ ఫ్యాన్ పక్కనున్న ట్రేకి అందేది 54. గుండ్రటి ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చే రకంలో పై ట్రేకీ కింది ట్రేకీ తేడా మరీ ఎక్కువ, రెండు గంటలకోసారి స్థానాలు మార్చాల్సిందే. వెనక ఫ్యాన్ ఉండి గాలి అడ్డంగా వీచే చదరపు పెట్టెలు ఈ విషయంలో మెరుగు, అయినా తలుపు వైపున్న అంచు వెనకపడుతుంది, సగంలో ఒకసారి ట్రేని వెనక్కి తిప్పండి. లేజర్ చుక్క వేసే థర్మామీటర్ తడి పిండి మీద సరిగ్గానే చెబుతుంది, మెరిసే స్టీలు ట్రే మీద అబద్ధం చెబుతుంది.

46, 48 అనే అంకెల గురించి కూడా చెప్పాలి. పచ్చి ఆహారం తినేవాళ్లలో 41 నుంచి 48 దాకా రకరకాల హద్దులు తిరుగుతున్నాయి, ఆ వేడి దాటితే ఎంజైములు చస్తాయన్నది వాళ్ల నమ్మకం. మొక్కల ఎంజైములన్నీ ఒకే చోట చావవు. మొలకెత్తిన ధాన్యంలో పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ బాగా పని చేసేదే 55–65 మధ్య. మాల్ట్ తీసేవాళ్లు గంజిని ఆ వేడిలోనే ఉంచుతారు. కూరగాయల్లో రంగు, రుచి చెడగొట్టే పెరాక్సిడేజ్‌ని ఆపాలంటే మరిగే నీటిలోనో ఆవిరి మీదో మూడు నాలుగు నిమిషాలు పెట్టాలి. ఎంజైములు బతికుండడం లాభమే అనీ చెప్పలేం. ఆపిల్, అరటి, వంకాయ నల్లబడేది వాటి వల్లే, 40–46 దగ్గర ఆ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. సి విటమిన్ వేడికి మాత్రమే కాదు, గాలి తగిలే గంటలకీ పోతుంది. కాబట్టి తక్కువ వేడిలో ఎక్కువ గంటలు ఉంచినంత మాత్రాన అదేమీ ఎక్కువ మిగలదు. మీరు పచ్చి ఆహారమే తినాలనుకుంటే అది మీ ఇష్టం, ఆ హద్దుకి గౌరవమిచ్చే పద్ధతే పైన చెప్పాను. ఆ హద్దుని గాలికి కాక పదార్థానికి పెట్టండి. మా మాట అంతే.

ఒక విషయం మరీ స్పష్టంగా ఉండాలి. 63 డిగ్రీల గాలి కూడా సూక్ష్మజీవుల్ని చంపదు, ఎందుకంటే పదార్థం ఆ వేడికి చేరడం లేదు. చేరేసరికి పొడిగా ఉంటుంది, పొడిలో ఉన్న బ్యాక్టీరియా వేడికి ఇంకా మొండికేస్తుంది. ఆరబెట్టడం వాటిని నిద్రపుచ్చుతుంది, అంతే. సాల్మొనెల్లా ఎండిన గింజల్లో, పొడుల్లో నెలల తరబడి బతికుంటుంది, మళ్లీ నీళ్లు తగిలితే లేస్తుంది. అందుకే పచ్చిగా ఆరబెట్టేవాళ్లకి మొదటి రక్షణ ట్రేలోకి వెళ్లే సరుకు. దెబ్బ తగిలిన పండు, బూజు చుక్క ఉన్న కొబ్బరి, చేదు తగిలిన వేరుశనగ గింజ లోపలికి వెళ్లకూడదు. బూజు పట్టిన వేరుశనగలో, మిరపలో, కొబ్బరిలో వచ్చే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఆరబెట్టినా వేయించినా పూర్తిగా పోదు.

నిద్రపుచ్చడం కూడా ఎంత పొడికి జరుగుతుందో తెలుసుకోవాలి. దీనికి వాటర్ యాక్టివిటీ అనే కొలత ఉంది, నీటికి 1, పూర్తిగా ఎండినదానికి 0. 0.85 కిందికి దిగితే రోగం తెచ్చే బ్యాక్టీరియా పెరగవు. బూజుల్లో చాలావరకు 0.70 దాకా లాగుతాయి, 0.60 కింద ఏదీ పెరగదు. అంటే మీ అవిసె బిళ్ల వంగుతూ ఉన్నంతసేపు బ్యాక్టీరియా ఆగినా బూజుకి చోటుంది, పటుక్కున విరిగితేనే ఇద్దరికీ చోటు లేదు.

ఇంట్లో ఆ కొలత తీసే పరికరం ఉండదు, తక్కెడ ఉంటుంది. తక్కెడ చాలా నమ్మకమైనది. క్యారెట్‌లో వందకి సుమారు 88 నీరు. కిలో క్యారెట్ తురుములో ఘనపదార్థం 120 గ్రాములు. వందకి ఎనిమిది పాళ్ల తేమ మిగలాలంటే ట్రే మీద 130 గ్రాములు ఉండాలి. 160 ఉంటే ఇంకా కాలేదు, చేత్తో పట్టుకుంటే గరగరలాడుతున్నా కాలేదు. మామిడిపండు ముక్కల్లో నీరు సుమారు 83, పండ్లకి వందకి 18–20 తేమ ఉండొచ్చు, చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి. కిలో ముక్కలు 210 గ్రాముల దగ్గరికి రావాలి. టమాటాకి నీరు 94–95, కిలోకి 60 గ్రాములే మిగులుతుంది. ఖాళీ ట్రే బరువు మూల మీద శాశ్వతంగా రాసి పెట్టుకుంటే ప్రతిసారీ దించి ఖాళీ చేయనక్కర్లేదు.

ఇక మీ అవిసె బిళ్లలు. మళ్లీ చేసేటప్పుడు ఇలా చేయండి. అవిసె గింజలు 200 గ్రాములు, చల్లటి తాగునీరు 400 మిల్లీలీటర్లు, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. గట్టు మీద వద్దు, వర్షాకాలపు వంటింట్లో 30 డిగ్రీలకి నాలుగు గంటలంటే పరుగు పందెంలో అవతలివాళ్లకి ముందే నాలుగు గంటలు ఇచ్చినట్టు. క్యారెట్ పిప్పి 150 గ్రాములు, రసం తీసిన వెంటనే వాడాలి, నిన్నటిది వద్దు. నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు, ఉప్పు ఒక టీస్పూన్, జీలకర్ర మీ ఇష్టం. పులుపూ ఉప్పూ కొంత సాయం చేస్తాయి, ఈ పాళ్లలో అవే కాపాడతాయని అనుకోకండి. మొత్తం 790 గ్రాముల దాకా వస్తుంది. 35 సెంటీమీటర్లు 38 సెంటీమీటర్ల చదరపు ట్రేలు రెండింటికి పరిస్తే సరిగ్గా మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఒక్క ట్రేలో ఇరికిస్తే ఆరు, మీ పిండి అందుకే నడుమ ఆరలేదు. మందం రెట్టింపయితే ఆరే సమయం రెట్టింపు కాదు, మూడు నాలుగింతలు అవుతుంది, లోపలి నీరు అంత దూరం నడిచి రావాలి కాబట్టి. తడిచేత్తో అదిమి అంచుల్ని నడుమకన్నా కాస్త మందంగా ఉంచండి, అంచులు ముందు ఆరిపోతాయి. అక్కడే కత్తితో బిళ్లలుగా గీసేయండి, గీతల్లోంచి కూడా తేమ పోతుంది.

63 దగ్గర గంట. పైన తడి మెరుపు పోయి తోలులా అయ్యాక జాలీ ట్రే మీదకి బోర్లించి షీటు ఒలిచేయండి. ఒలిచినప్పుడు కింది వైపు జిగట దారాలు సాగితే ఇంకో ఇరవై నిమిషాలు 63లోనే ఉంచండి. దారాలు లేకుండా ఊడొస్తే 46కి దించి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. ఆఖరి బరువు 230–240 గ్రాములు. విరిచినప్పుడు పటుక్కుమనాలి, విరిగిన అంచు నడుమ ముదురు గీత కనిపిస్తే అది తడి. అవిసె నూనె త్వరగా కనరు వాసన పడుతుంది కాబట్టి బయట మూడు వారాలకి మించి ఉంచొద్దు.

బోర్లించకుండా 63లోనే మూడు నాలుగు గంటలు వదిలేస్తే ఇంకో తప్పు జరుగుతుంది. పైన గట్టి పొర కట్టి లోపలి నీరు బయటికి రాలేదు. పట్టుకుంటే గట్టిగా ఉంటుంది, డబ్బాలో పెట్టిన నాలుగో రోజుకి మెత్తబడి బూజు పడుతుంది. ద్రాక్ష, ఉసిరి, సపోటా లాంటి చక్కెరో తొక్కో ఉన్నవాటిలో ఇది ఎక్కువ. ద్రాక్షని మరిగే నీటిలో అరనిమిషం ముంచి తొక్క చిట్లిస్తేనే ఆరుతుంది. ముంచడం ఇష్టం లేకపోతే సగానికి కోయండి.

పెసర మొలకల్ని మాత్రం ఈ పిండిలోంచి తీసేయమంటాను. మొలకెత్తడం అంటే 28–30 డిగ్రీల్లో, తడిలో, ఒకటిన్నర రోజు. గింజ పగుళ్లలో ఒక్క సాల్మొనెల్లా ఉన్నా ఆ సమయంలో లక్షలవుతుంది, మొలక లోపలికి కూడా చేరుతుంది, కడిగితే పోదు. 1996లో జపాన్‌లోని సకాయి నగరంలో ముల్లంగి మొలకల మీదకి అనుమానం వెళ్లిన ఈ.కోలి ఓ157 బ్యాక్టీరియా వ్యాప్తిలో బడిపిల్లలు వేల సంఖ్యలో జబ్బుపడ్డారు. 2011లో జర్మనీలో పచ్చి మెంతి మొలకల వల్ల వచ్చిన ఈ.కోలి ఓ104 తో యాభై మందికి పైగా చనిపోయారు. మన వంటింట్లో ఉండే మెంతులే అవి. మొలకలు కావాలంటే మొలకెత్తించి, ఆవిరి మీద ఐదు నిమిషాలు పెట్టి, చల్లార్చి పిండిలో కలపండి. అది పచ్చి కాదని మీరు అంటే కాదనే ఒప్పుకుంటాను. ఇంట్లో గర్భిణి, ఐదేళ్లలోపు పిల్లలు, పెద్దవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు ఉంటే పచ్చి మొలకల బిళ్లలు వాళ్లకి పెట్టకండి. రాజ్మా మొలకలు ఎవరికీ వద్దు. రాజ్మాలో ఉండే లెక్టిన్ మరిగే నీటిలోనే చెడుతుంది, 46 దగ్గర దానికి ఏమీ కాదు, నాలుగైదు గింజలకే వాంతులు చేయిస్తుంది. కర్రపెండలం కూడా పచ్చిగా ఆరబెట్టి తినే దుంప కాదు, దానిలో సైనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి.

బాదం సంగతి తేలిక. నానబెట్టక ముందు తూచి రాసుకోండి. లీటరు నీటికి రెండు టీస్పూన్ల ఉప్పు వేసి ఫ్రిజ్‌లో 8–12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, గుడ్డ మీద పది నిమిషాలు ఉంచి, ఒకే వరుసగా పరచండి. 63 గంటసేపు, తర్వాత 46. మామూలుగా 14–20 గంటలు పడుతుంది, వాతావరణాన్ని బట్టి ఇంకా పెరుగుతుంది. మొదట రాసుకున్న బరువుకి తిరిగి వచ్చేదాకా ఆపకండి. కొరికితే కరకరలాడిందని ఆపేస్తారు, గింజ మధ్యలో రెండు పలుకుల నడుమ తేమ ఉండిపోతుంది, పది రోజులకి అక్కడే బూజు. ఒక గింజని నిలువునా విడదీసి లోపలి రంగు అంచు రంగుతో సమానంగా ఉందో లేదో చూడండి. వేరుశనగకీ ఇదే లెక్క, అఫ్లాటాక్సిన్ భయం ఎక్కువ కాబట్టి ముడతలు పడ్డవీ నల్లమచ్చ ఉన్నవీ నానబెట్టక ముందే ఏరేయండి.

మామిడికి మొదటి ఊరట దాని పులుపు. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కింద ఉన్న పండులో ప్రమాదకరమైన బ్యాక్టీరియా చాలావరకు పెరగలేవు, చాలా మామిళ్లు ఆ హద్దుకి కిందనే ఉంటాయి. పండు బాగా ముగ్గి తియ్యబడేకొద్దీ పైకి జరుగుతుంది. బొప్పాయి, కర్బూజా, అరటి, క్యారెట్, బీట్‌రూట్, దోసకాయ ఆ హద్దుకి పైన ఉంటాయి. వీటికి ముంచుడు నీళ్లు వాడండి. నిమ్మరసం, నీళ్లు సమానంగా కలిపి పది నిమిషాలు, లేదా అరలీటరు నీటికి 17 గ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం (సి విటమిన్ పొడి), అంటే సుమారు నాలుగు టీస్పూన్లు. ఇది రంగు కోసమే కాదు. పులుపులో ముంచి ఆరబెట్టిన ముక్కల మీద ఈ.కోలి, సాల్మొనెల్లా, లిస్టీరియా ముంచనివాటి మీద కన్నా బాగా తగ్గుతాయి. పచ్చిదనం పోకుండా దొరికే రక్షణల్లో ఇంతకన్నా చవకైనది లేదు. ముక్క మందం ఐదు మిల్లీమీటర్లు, అన్నీ ఒకే మందం. ఒక ముక్క మూడు, ఇంకోటి ఎనిమిది ఉంటే ఎనిమిదిది మూడుదాన్ని డబ్బాలో తడిపేస్తుంది.

తాండ్ర వేసేవాళ్లు కూడా ఈ నియమమే పాటిస్తారు. ఆత్రేయపురం వైపు చాప మీద గుజ్జుని పలచగా ఒక పొర వేసి, ఎండనిచ్చి, దాని మీద ఇంకో పొర వేస్తారు. ఒకేసారి అంగుళం మందం పోయరు. డీహైడ్రేటర్‌లో మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర, 63 గంట, 46 ఆపైన, పూర్తిగా ఆరాకే రెండో పొర.

మరి అమ్మమ్మలు ఏ థర్మామీటరూ లేకుండా ఒరుగులు పెట్టలేదా అంటారు. పెట్టారు, ఉప్పుతో, రోహిణి కార్తెలో. మాగాయ ముక్క ఉప్పులో ఊరి నీరు వదిలాకే ఎండకి వెళుతుంది. ఊరమిరపకాయలు ఉప్పు మజ్జిగలో మునిగి, ఎండి, మళ్లీ మునిగి ఎండుతాయి. వడియాల పిండిలో ఉప్పు ఉంటుంది, ఆఖరికి మరిగే నూనెలో పడుతుంది. ఉప్పు నీటిని కట్టేస్తుంది, పులుపు సూక్ష్మజీవుల్ని ఆపుతుంది కాబట్టి ఆ రెండు మూడు రోజుల ఎండ సరిపోయింది. ఎండలో ఆరబెట్టాలంటే గాలి 30 డిగ్రీలకి పైన, తేమ వందకి 60 లోపు ఉండాలి. మే నెలలో పల్నాడు మేడ మీద అది దొరుకుతుంది, ఆగస్టులో కాకినాడలో దొరకదు. మీరు ఉప్పు తీసేశారు, ఎండ తీసేశారు, నూనె తీసేశారు. మిగిలింది వేగం ఒక్కటే, అందుకే దానికి ఇంత పట్టుబడుతున్నాను.

ముసురులో యంత్రాన్ని ఎక్కడ పెట్టారన్నది కూడా లెక్కే. మూసిన వంటింట్లో పెడితే అది వదిలిన తేమనే మళ్లీ లోపలికి లాగుతుంది. రెండు కిలోల టమాటా అంటే గదిలోకి దాదాపు 1.9 లీటర్ల నీరు వదలడం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తున్న చోట, లేదా ఏసీ నడుస్తున్న గదిలో పెట్టండి, ఏసీ గాలిలో తేమ తక్కువ కాబట్టి గంటలు బాగా తగ్గుతాయి. వర్షాకాలంలో ట్రేలు సగమే నింపండి. సగం ఆరిన ట్రేల మధ్య తాజా తడి ట్రే పెట్టకండి, పాతవి మళ్లీ తేమ తాగుతాయి. కరెంటు పోతే, తొలి నాలుగు గంటల్లో పోయి గంటలోపు వస్తే కొనసాగించండి. రాకపోతే ట్రేలు ఫ్రిజ్‌లోకి. రెండు గంటలు దాటి అలాగే బయట గోరువెచ్చగా ఉండిపోతే ఆ సరుకు వదులుకోండి. పైభాగం పూర్తిగా ఎండాక పోతే అంత భయం లేదు, తలుపు తీయకుండా ఉంచండి.

మాంసం, చేప, గుడ్డు కలిసిన ఏదైనా ఈ పద్ధతికి పూర్తిగా బయట. మేక, గొడ్డు మాంసం లోపల 71 డిగ్రీలు, కోడి 74 చేరేలా ముందు వండి, ఆ తర్వాత కనీసం 60 దగ్గర ఆరబెట్టాలి. తక్కువ వేడి అన్న మాటే అక్కడ లేదు. అలాగే సగం ఆరిన టమాటా, వెల్లుల్లి ముక్కల్ని నూనెలో ముంచి గట్టు మీద సీసాలో ఉంచే అలవాటు వద్దు. గాలి అందని ఆ నూనెలో బోటులిజం అనే ప్రాణాంతకమైన విషజబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగవచ్చు, వాసన కూడా రాకపోవచ్చు.

ఆకులకి వేరే లెక్క. కరివేపాకు, పుదీనా, మునగాకు పలచన, సువాసన నూనెలు త్వరగా ఎగిరిపోతాయి. వీటికి మొదటి నుంచీ 35–40 చాలు, ముసురులో మాత్రం 50 దాకా తీసుకెళ్లండి. కడిగాక విదిలించి గుడ్డ మీద నీటి బొట్టు లేకుండా చేసి పెట్టండి. రెండు మూడు గంటల్లో ఈనె విరిగితే అయినట్టు.

ఆరాక ట్రే మీదే అరగంట చల్లారనివ్వండి, కానీ వర్షాకాలంలో గంటలు వదిలేయకండి, గాలిలోంచి తేమ తాగేస్తుంది. పండ్లని గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, మూత బిగించి, వారం పది రోజులు రోజూ ఒకసారి కుదపండి. ఎక్కువ తడి ఉన్న ముక్క నుంచి తక్కువ ఉన్నదానికి తేమ సర్దుకుంటుంది. సీసా గోడ మీద లోపల చిన్న చెమ్మ కనిపించినా, ముక్కలు ఒకదానికొకటి అంటుకుని కదలకపోయినా, తీసి 55 దగ్గర రెండు మూడు గంటలు మళ్లీ పెట్టాలి. బూజు చుక్క ఒక్కటి కనిపించినా సీసా మొత్తం పారేయడమే, ఆ ముక్క తీసేసి మిగతాది తినొద్దు. పురుగు గుడ్లు పచ్చిగా ఆరబెట్టినవాటిలో బతికే ఉంటాయి. గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో 48 గంటలు ఉంచి, సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వండి. చల్లగా ఉన్నప్పుడు విప్పితే గాలిలో తేమంతా ముక్కల మీద చెమటలా పడుతుంది.

ఈసారి మొదలుపెట్టేటప్పుడు ఒక్క ట్రేతో, పగటి పూట మొదలుపెట్టండి. తొలి రెండు గంటలు పావుగంటకోసారి తీగ థర్మామీటర్ అంకె రాసుకోండి. 30, 33, 35 దగ్గర నిలబడి ఒక్కసారిగా ఎక్కడం మొదలైన నిమిషమే మీ యంత్రంలో, మీ ఊరి గాలిలో, ఆ మందానికి 46కి దించాల్సిన సమయం.